ఓడినవాడికే పెద్ద సొమ్ము!

ఏ పోటీలోనైనా గెలిచినవాడికి పెద్ద బహుమతి, ఓడినవాడికి చిన్నది. 2019 ఆగస్టులో లండన్‌లో జరిగిన ట్రైటన్ మిలియన్ పోకర్ పోటీలో ఈ లెక్క తిరగబడింది. ఆ టేబుల్ ముందు కూర్చోవడానికే ఒక్కొక్కరు 10 లక్షల 50 వేల పౌండ్లు కట్టాలి. అందులో 50 వేలు దానధర్మాలకు పోతాయి. 54 మంది కట్టారు! చివరికి మిగిలింది ఇద్దరు: అమెరికాకు చెందిన బ్రిన్ కెన్నీ, చైనాకు చెందిన ఆరన్ జాంగ్. అప్పటికి కెన్నీ ముందు చిప్పుల (పేకాటలో డబ్బుకు బదులు వాడే బిళ్లల) గుట్ట ఉంది. మిగిలిన సొమ్మును చిప్పుల లెక్కన పంచేసుకుని, ట్రోఫీ కోసం మాత్రం ఆడదామని ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. పెద్ద పోటీల్లో ఇలాంటి రాజీలు మామూలే. తీరా ఆడితే జాంగ్ గెలిచాడు. ట్రోఫీతో పాటు అతనికి దాదాపు 1 కోటి 38 లక్షల పౌండ్లు వచ్చాయి. ఓడిన కెన్నీ మాత్రం 1 కోటి 69 లక్షల పౌండ్లతో ఇంటికెళ్లాడు. డాలర్లలో చూస్తే 2 కోట్ల పైమాటే. ఒక్క పోకర్ పోటీలో ఒక్క మనిషి అందుకున్న అతి పెద్ద మొత్తంగా రికార్డుకెక్కింది ఈ రెండో బహుమతే.

ఇలాంటి రికార్డులన్నింటిలోనూ ఒక తిరకాసు ఉంది. ఎవరెంత గెలిచారో చెప్పే జాబితాలు అందుకున్న బహుమతులనే కూడతాయి. ఆ బహుమతుల కోసం కట్టిన ప్రవేశ రుసుములు అందులో కనబడవు. కిందటి నెలలో ఓడిన పది పోటీలూ కనబడవు. జమ తప్ప ఖర్చు రాయని పద్దు అది. కింద చెప్పే అంకెలన్నీ ఆ మాట గుర్తుపెట్టుకుని చదవాలి.

పోకర్‌లో అన్నిటికన్నా పాత, పెద్ద పండగ లాస్ వేగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్. బెన్నీ బినియన్ తన హార్స్‌షూ క్యాసినోలో 1970లో దీన్ని మొదలుపెట్టాడు. తొలి ఏడాది విజేతను తేల్చింది ఆట కాదు, ఓట్లు. ఎవరు గొప్ప ఆటగాడని అడిగితే అంతా తమకు తామే ఓటేసుకున్నారనీ, సరే, రెండో గొప్పవాడెవరని అడిగితే జానీ మాస్ పేరు వచ్చిందనీ ఒక కథ ఉంది. నిజమో కాదో గాని, జూదగాళ్ల స్వభావానికి మాత్రం సరిగ్గా అతికింది. మాస్‌కు దక్కింది ఒక వెండి కప్పు. మరుసటి ఏడాది నుంచి చిప్పులు అయిపోయినవాళ్లు ఆటలోంచి తప్పుకునే పద్ధతి వచ్చింది.

ప్రధాన పోటీ ప్రవేశ రుసుము 1972లో 10,000 డాలర్లు. ఈరోజుకీ అంతే. యాభై ఏళ్లు దాటినా ధర పెరగని సరుకు మరొకటి చూపించండి చూద్దాం! 1972లో ఆడినవాళ్లు 8 మంది. 2024లో 10,112 మంది. వాళ్లలో ఎంతో కొంత తిరిగొచ్చింది సుమారు 15 శాతానికి. మిగతావాళ్లు పదేసి వేల డాలర్లు అక్కడే వదిలేసి వచ్చారు.

జనం ఇలా ఎగబడటానికి కారణం 2003 నాటి విజేత. టెనెసీకి చెందిన ఒక అకౌంటెంటు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, 86 డాలర్లతో ఆన్‌లైన్ పోటీ ఆడి వేగాస్ టిక్కెట్టు సంపాదించాడు. అక్కడ 25 లక్షల డాలర్లు గెలిచాడు. అతని ఇంటిపేరు మనీమేకర్. పబ్లిసిటీ కోసం తగిలించుకున్నది కాదు, అసలు పేరే. మూడేళ్లు తిరిగేసరికి 839 మంది ఆడే పోటీకి 8,773 మంది వచ్చారు.

ఇదే పోటీని 1982లో గెలిచిన జాక్ స్ట్రాస్ ముందు ఒక దశలో మిగిలింది ఒకే ఒక్క 500 చిప్పు. దాంతోనే కోలుకుని విజేత అయ్యాడు. డోయల్ బ్రన్సన్ 1976, 1977 రెండేళ్లూ ఆఖరి ఆటను చేతిలో పది, రెండు ముక్కలతోనే గెలిచాడు. అనుభవం ఉన్నవాడెవడైనా అవతల పారేసే జత అది. నార్వే అమ్మాయి అనెట్ ఒబ్రెస్టాడ్ 2007లో లండన్‌లో 10 లక్షల పౌండ్లు గెలిచింది. మర్నాడు ఆమెకు 19 నిండాయి. వేగాస్‌లో అయితే 21 నిండనిదే టేబుల్ దగ్గరికే రానివ్వరు.

ఓపిక రికార్డు ఫిల్ లాక్‌ది. 2010లో బెలాజియో క్యాసినోలో 115 గంటలు ఏకబిగిన ఆడాడు. మిగిలింది ఆరేడు వేల డాలర్లు. ఆ గంటలకు కూలి కట్టి చూస్తే గొప్పగా ఏమీ ఉండదు.

ముక్కల వింతల్లో నా ఓటు జపాన్‌కు చెందిన మొతోయుకి మబుచికి. 2008 ప్రధాన పోటీలో అతనికి నాలుగు ఆసులు కలిశాయి. అలాంటి ముక్కలు పడ్డవాడు ఇల్లు తాకట్టు పెట్టమన్నా పెడతాడు. ఎదుటివాడు జస్టిన్ ఫిలిప్స్ చేతిలో రాయల్ ఫ్లష్: ఒకే రంగులో పది, జాకీ, రాణి, రాజు, ఆసు. ఈ వరస పడాలంటే ఏడు ముక్కల ఆటలో 30,940కి ఒక్క అవకాశం. గంటకు 30 ఆటలు పంచి, ప్రతి ఆటా చివరిదాకా ఆడినా, సగటున వెయ్యి గంటలకొకసారి. అది సరిగ్గా నాలుగు ఆసుల ఎదుట, టీవీ కెమెరాల ముందు పడింది. మబుచి అక్కడితో ఇంటిదారి పట్టాడు.

మోసాల్లో 2014 జనవరి నాటి అట్లాంటిక్ సిటీ ఉదంతాన్ని మించింది లేదు. బోర్గాటా క్యాసినో పోటీలో ఒక ఆటగాడు నకిలీ చిప్పులు దింపాడు. పట్టుబడతానన్న భయంతో, 27 లక్షల డాలర్ల ముఖవిలువ గల మిగతా చిప్పుల్ని పక్క హోటల్ గదిలో టాయిలెట్‌లో వేసి నీళ్లు కొట్టాడు. గొట్టాలు పూడుకుపోయి కింది అంతస్తులో నీళ్లు కారాయి. ప్లంబర్ల చేతికి దొరికిన చిప్పులే అతన్ని జైలుకు పంపాయి.

క్యాసినోల తీరు మరో వింత. మొనాకో పౌరులకు మోంటే కార్లో క్యాసినోలో ఆడే హక్కు లేదు. మనవాళ్లు విమానమెక్కి వెళ్లే ఖాట్మండు క్యాసినోల్లోకి నేపాలీలను రానివ్వరు. సింగపూర్ తన పౌరుల దగ్గర రోజుకు 150 సింగపూర్ డాలర్లు గుమ్మంలోనే వసూలు చేస్తుంది, విదేశీయులకు ప్రవేశం ఉచితం. జూదం పొరుగువాడి జేబుకు మంచిది, మనవాడికి చెడ్డది అన్నమాట!

భారతీయుల్లో బెంగళూరుకు చెందిన సంతోష్ సువర్ణ 2024లో వేగాస్‌లో రెండున్నర లక్షల డాలర్ల రుసుము పోటీ గెలిచి 54 లక్షల డాలర్లు అందుకున్నారు. మరి మన దేశంలో పోకర్ నైపుణ్యమా, జూదమా? రమ్మీ సంగతి మన గడ్డ మీదే తేలింది. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. ఆ కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యమున్న ఆట అంది, మూడు ముక్కలాటను ఉత్త అదృష్టమంది. పోకర్ విషయంలో మాత్రం రాష్ట్రానికో మాట. పశ్చిమ బెంగాల్ 1957 నాటి చట్టంలోనే బ్రిడ్జి, రమ్మీలతో పాటు పోకర్‌నూ జూదం లెక్కలోంచి తీసేసింది. 2017లో గుజరాత్ హైకోర్టు అది జూదమే అని తీర్పిచ్చింది. కాబట్టి ముక్కలు పంచేముందు ఏ రాష్ట్రంలో కూర్చున్నారో ఒకసారి చూసుకోండి.