ఇల్లు మారునాటి లారీ బాడుగ

ఉపాధ్యాయుల యిండ్లలో వేసవి సెలవులతోపాటు బదిలీ భయమును వచ్చును. కడచిన వేసవిలో మావారికి ఆదోనినుండి నంద్యాలకు బదిలీ అయినది. దూరము సుమారు 170 కిలోమీటర్లు. లారీ యజమాని 340 కిలోమీటర్లకు లెక్కగట్టి బాడుగ చెప్పెను. తిరుగు ప్రయాణమునకు మేమేల యియ్యవలెనని యడిగితిమి.

“ఖాళీ బండికి డీజిలు పోయొద్దా అమ్మా?” అని యతడు నవ్వెను. మాకు బదులు తోచలేదు.

సోదరీమణులారా, బాడుగలోని కీలకమంతయు నా ఖాళీ బండియందే యున్నది. డీజిలు, డ్రైవరు బత్తెము, టోలు రుసుము రాకపోకలు రెంటికిని పడును. అయితే జాతీయ రహదారులపై 24 గంటలలో తిరిగివచ్చు బండికి టోలు ఒకటిన్నర రెట్లేగాని రెట్టింపు కాదు. ఈ సంగతి మేము తరువాత తెలిసికొంటిమి. నంద్యాల బియ్యమును ఆదోనిలో దింపి తిరిగిపోవు బండి దొరికియుండినచో, దాని యజమాని సగము బాడుగకైనను సంతోషముగా నొప్పుకొనెడివాడే. అట్టి బండ్ల జాడ బియ్యపు మండీలలో నడిగిన తెలియును.

ఈ చిక్కు మనకే కాదు. అమెరికాలో బండిని అద్దెకు గొని తామే నడుపుకొనుట వాడుక. కాలిఫోర్నియా విడిచి టెక్సాసు చేరువారు పెక్కురైనప్పుడు అటుపోవు బండికి అద్దె మిక్కుటము, ఇటువచ్చు బండికి స్వల్పము; బండ్లన్నియు నొక్కచోటనే చేరిపోవును గదా!

దినమునుబట్టియు ధర మారును. ముహూర్తము చూచుకొనుట తప్పుగాదుగాని, ఆ ముహూర్తము ఊరందరికి నొక్కటే. నెల నడుమ బుధ గురువారములలో బేరము సులువు.

మేము మోసపోయినది మాత్రము వేరొకచోట. బాడుగలో హమాలీల కూలి చేరినదో లేదో అడుగమైతిమి. నంద్యాలలో క్రొత్త యింటి వాకిట బండి నిలిపి, ఇల్లు రెండవ అంతస్తున నున్నది, లిఫ్టు లేదు, అదనముగా నిచ్చిననేగాని త్రాడు విప్పమనిరి. ఆకాశమున మబ్బులు, లారీపై పరుపులు, మావారి పుస్తకములు. పెద్దమ్మాయి కళాశాల రుసుమునకై దాచిన సొమ్ము తీసి యిచ్చితిమి. ఆ రుసుము కట్టుటకు రెండు నెలలు పట్టినది.

కావున బయానా యిచ్చుటకు ముందే చీటీ వ్రాయించుడు. బీరువాలు, మంచములు ఎన్నియో, ఎత్తుకూలి దింపుకూలి ఎవరివో, టోలు ఎవరిదో, బండి ఆలస్యముగా నిలిచిన గంటకెంతయో అందుండవలెను. రెండిండ్ల అంతస్తులును అందే వ్రాయించి, క్రింద యజమానిచేత సంతకము చేయించుడు. డ్రైవరు సంతకము చాలదు.