ఒకటో తరగతి పిల్లవాడి పలక ఖాళీగా వస్తే…

జూన్‌లో బడులు తెరుస్తారు. నెల తిరిగేసరికి కాలనీ కుళాయిల దగ్గరా, కూరగాయల బండి దగ్గరా తల్లుల నోట ఒకటే మాట. "మా పిలగాని పలక ఎట్ల పంపితె అట్లనే వస్తున్నది. బళ్లె ఆటలు, పాటలేనట. సదువు ఎప్పుడు చెప్తరో ఏమో!" గోదావరిఖని వెళ్లినా, యైటింక్లయిన్ కాలనీ వెళ్లినా, రామగుండం వెళ్లినా ఇదే దిగులు.

ఈ దిగులు కాదనదగింది కాదు. బొగ్గుబాయిలో ఒళ్లు హూనం చేసుకుంటున్న తండ్రికి, తన బిడ్డకు ఆ కష్టం వద్దనీ, చదువుకుని పైకి రావాలనీ ఉంటుంది. కాని ఆ తొందరలో పడి, ఒకటో తరగతిలో జరుగుతున్న అసలు చదువును మనం గుర్తించకపోతే నష్టపోయేది పిల్లవాడే. బడి అంటే ఇష్టమో భయమో ఏర్పడేది ఈ మొదటి ఏడాదిలోనే. అందుకే ఆ ఆటల్లో, పాటల్లో ఏముందో కాస్త వివరంగా చూద్దాం.

మొట్టమొదట నేర్చుకోవలసింది అక్షరం కాదు, మాట. నలుగురిలో నోరు విప్పి మాట్లాడటం, ఎదుటివారు చెప్పింది చివరిదాకా వినటం. ఇందులో చదువేముంది అనుకోకండి. మన కోల్‌బెల్టు ఇళ్లలో ఒక చిక్కు ఉంది. తండ్రి నైట్ షిఫ్టు చేసి పొద్దున్నే వచ్చి పడుకుంటాడు. రెండు గదుల క్వార్టరు. "బాపు పండుకున్నడు, సప్పుడు చెయ్యకు" అని పిల్లల నోరు నొక్కేస్తూ ఉంటాం. తప్పదు మరి. ఇక్కడ బొగ్గుబాయిలు 1960ల్లో మొదలైనప్పటి నుంచీ ఊళ్లు వదిలి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే ఎక్కువ. నాయనమ్మలూ, అమ్మమ్మలూ చాలామందికి ఊళ్లోనే ఉండిపోయారు. కథలు చెప్పేవారు లేరు, గట్టిగా మాట్లాడితే ఊరుకోరు. అలాంటి పిల్లవాడు బడికి వచ్చి బొమ్మ చూసి నాలుగు మాటలు చెప్పాడంటే, విన్న కథను మళ్లీ తన మాటల్లో చెప్పాడంటే, అది చిన్న విషయం కాదు. తరగతిలో వినిపించే గోలలో సగం చదువే.

ఇంకొక మాట. మన పిల్లలు ఇంట్లో బాపు అంటారు, పుస్తకంలో నాన్న అని ఉంటుంది. మనం ఆలుగడ్డ అంటే పుస్తకం బంగాళాదుంప అంటుంది. తరగతిలో ఉర్దూ, హిందీ మాట్లాడే ఇళ్ల పిల్లలూ ఉంటారు. పిల్లవాడు ఇంటి మాట అన్నప్పుడు "అట్లా అనగూడదు" అని గద్దిస్తే ఆ రోజు నుంచి నోరు మూసుకుంటాడు. తెలిసిన పంతులమ్మ ముందు వాడి మాట ఒప్పుకుంటుంది, తర్వాత పుస్తకం మాట దాని పక్కన చేరుస్తుంది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టినప్పుడు, ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండే పుస్తకాలు ఇచ్చింది కూడా ఇందుకే. తెలిసిన భాష మెట్టు మీద నిలబడే తెలియని భాష మెట్టు ఎక్కగలం.

ఇక అక్షరాలు. మనం అ నుంచి ఱ వరకు వరసగా దిద్దినవాళ్లం. ఇప్పుడు బళ్లలో పదంతో మొదలుపెడుతున్నారు. తల, వల, పలక బొమ్మలు చూపించి పేర్లు చెప్పిస్తారు. మూడింటిలోనూ వినిపించే శబ్దం ఏది? 'ల'. ఆ శబ్దానికి గుర్తు ఇదీ అని చూపిస్తారు. అర్థం తెలిసిన మాటలోంచి వచ్చిన అక్షరం గనుక మనసులో నిలుస్తుంది. పైగా ప, వ, మ, ష లాంటివి ఒకదానికొకటి పోలికగా ఉంటాయి. అన్నీ ఒకేసారి దిద్దిస్తే పిల్లవాడు తికమక పడతాడు.

చేతి సంగతి కూడా తెలుసుకోవాలి. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. ఐదారేళ్ల వయసులో అవన్నీ పూర్తిగా గట్టిపడి ఉండవు. వేళ్లకు పట్టు రావాలంటే మట్టితో బొమ్మలు చేయటం, పూసలు గుచ్చటం, కాగితం మడవటం, ఇసుకలో వేలితో గీయటం మంచి పనులు. ఇంట్లో చిక్కుడుకాయలు ఒలిపించినా అదే ఫలితం. అది లేకుండా రోజుకు పది పేజీలు రాయిస్తే చెయ్యి నొప్పి, రాతంటే విసుగు మిగులుతాయి.

లెక్కల దగ్గరకు వద్దాం. ఒకటి నుంచి వంద దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే పిల్లవాణ్ణి చూసి మురిసిపోతాం. వాడి ముందే ఎనిమిది చింతగింజలు పోసి ఎన్ని అని అడిగితే, ఒక గింజను రెండుసార్లు లెక్కపెట్టి తొమ్మిది అనవచ్చు. నోటికి వచ్చిన అంకె వేరు, తెలిసిన లెక్క వేరు. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు జీన్ పియాజే పిల్లల ముందు సమానమైన రెండు వరసలు పేర్చి, ఒక వరసను కాస్త ఎడంగా జరిపి చూశాడు. చిన్నపిల్లలు చాలామంది పొడుగు వరసలోనే ఎక్కువ ఉన్నాయన్నారు. ఆరేడేళ్లు వస్తేగాని ఈ తేడా సరిగ్గా అంతుపట్టదు. అందుకే తరగతిలో గింజలు, పుల్లలు, రాళ్లు ముందేసుకుని లెక్క చెబుతారు.

బతుకమ్మ నాళ్లలో తంగేడు, గునుగు పూలను రంగుల వారీగా వేరు చేయించి వరసలు పేర్పిస్తే అదీ లెక్కే. ఒక వరస పసుపు, ఒక వరస తెలుపు, తర్వాత ఏది రావాలి? కాజీపేట-బల్లార్షా లైనులో బొగ్గు గూడ్సు పోతుంటే పెట్టెలు లెక్కపెట్టించినా లెక్కే. ఇంకో చిన్న సంగతి. తెలుగులో పదమూడు అంటే పది ముందు, మూడు తర్వాత. అంకె వేసే వరసలోనే పలుకుతాం. ఇంగ్లీషు థర్టీన్‌లో మూడు ముందు వస్తుంది. పిల్లవాడు 13కు బదులు 31 వేస్తే కొట్టకండి, తెలుగులో పలికించి మళ్లీ వేయించండి.

అయితే ఏడాదంతా ఆడుకుంటూ కూర్చోవచ్చా అంటే, కాదు. ఆటకు ఒక గమ్యం ఉంది. కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం ప్రకారం, ఒకటో తరగతి ముగిసేనాటికి పిల్లవాడు నాలుగైదు తేలిక మాటలున్న కొత్త వాక్యాన్ని చదవాలి, 99 వరకు అంకెలు చదివి రాయాలి, చిన్న కూడికలు, తీసివేతలు చేయాలి. మొదటి మూడు నెలలు ఆటల ద్వారా బడికి అలవాటు చేయటానికి అదే ఏడాది విద్యాప్రవేశ్ కార్యక్రమం వచ్చింది. మన రాష్ట్రంలో 2022 ఆగస్టులో తొలిమెట్టు మొదలయింది.

కనుక ఆట పేరుతో ఊరికే వదిలేస్తున్నారా, నిజంగా నేర్పుతున్నారా అన్నది తల్లి కనిపెట్టవచ్చు. పిల్లవాడు వారానికొక కొత్త పాటో, కథో తెస్తున్నాడా? దసరా నాటికి దుకాణాల బోర్డుల మీద తెలిసిన అక్షరం చూపిస్తున్నాడా? సంక్రాంతి దాటినా రెండక్షరాల మాట చదవలేకపోతే వెళ్లి టీచరును కలవండి. దెబ్బలాటకు కాదు, మాట్లాడటానికి. కళ్లు, చెవులు కూడా ఒకసారి డాక్టరుకు చూపించండి. వెనకబడిన పిల్లల్లో కొందరికి బోర్డు కనబడకపోవటమే అసలు కారణం.

ఇంట్లో మనం చేయవలసింది కొంచెమే. ఒకటి, రెండు తరగతులకు హోంవర్కు ఇవ్వరాదని 2018లోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. బడిలో లేని హోంవర్కును మనం ఇంట్లో పెట్టవద్దు. కొట్టి రాయించవద్దు. బడిలో పిల్లల్ని కొట్టటం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ప్రకారం నిషిద్ధం అయినప్పుడు, ఇంట్లో మాత్రం ఒప్పవుతుందా?

ఆయన నైట్ షిఫ్టు చేసి నిద్రపోతున్న రోజున పిల్లవాణ్ణి గుమ్మం బయట నీడలో కూర్చోబెట్టుకోండి. బియ్యం ఏరుతూనో, కూర తరుగుతూనో ఒక పావుగంట వాడి మాట వినండి. "ఇయ్యాల ఏం రాసినవ్?" అని కాకుండా "ఇయ్యాల ఏం పాట పాడిండ్రు? నాకూ నేర్పు" అని అడగండి. పలక మీద కనబడని చదువు అప్పుడు మీకు వినబడుతుంది.