తూకానికి అమ్మే సంగీతం

ఒక వస్తువు ఒకరి ఇంట పూజాపీఠం చెంత ఉండి, వారి కుమారుని ఇంట అటక మీదికి చేరి, మనుమని కాలానికి తుక్కు కొట్టులో త్రాసు ఎక్కడం లోకంలో నిత్యమూ జరుగుతున్నదే. ఇత్తడి బిందె త్రాసు ఎక్కితే దాని లోహపు విలువైనా దక్కుతుంది. కాని గ్రామఫోను రికార్డు త్రాసు ఎక్కినప్పుడు ఏది విలువైనదో అది తూగదు. దానిలోని పాటకు బరువు లేదు. అమ్మేవాడు నల్లని పళ్లెం బరువును అమ్ముతాడు. కొనేవాడు, తెలిసినవాడైతే, ఒక విద్వాంసుని కంఠాన్ని ఇంటికి తెచ్చుకుంటాడు. ఈ రెండింటి నడుమనున్న వ్యత్యాసమే కారుచౌక బేరం అనే వేట.

ఇంగ్లండులో ఈ వేటకు ప్రత్యేకమైన తావులున్నాయి. ప్రజలు ఉచితంగా ఇచ్చిన పాత సామాన్లను అమ్మి, ఆ సొమ్మును బీదల సహాయానికి వినియోగించే ధర్మ దుకాణాలవి. ఆక్స్‌ఫాం సంస్థ 1940ల చివర ఆక్స్‌ఫర్డు నగరంలో అటువంటి దుకాణం తెరిచింది. తరువాత ఆ పద్ధతి ఆ దేశపు ప్రతి బజారుకూ ప్రాకింది. అక్కడ పాత కోట్ల ప్రక్కన, పగిలిన టీ కప్పుల వెనుక, బీథోవెన్, మోజార్టుల రచనల రికార్డులు స్వల్పమైన వెలకు దొరుకుతాయని సంగీతాభిమానులు వారం వారం తిరుగుతారు. మన దేశంలో ఆ పనిని పాత సామాన్ల కొట్లు చేస్తున్నాయి. తెలుగునాట తుక్కు కొట్టు అన్నా, ఉత్తరాదిన కబాడీ అన్నా ఒకటే. దానధర్మాల పేరు లేకపోయినా, పాతదాన్ని మరొకరి చేతికి అందించే పుణ్యం మాత్రం ఇక్కడా ఉంది.

రైలు తెచ్చిన పెట్టెలు

అటువంటి వేటకు అనువైన ఊళ్లలో రైల్వే ఊళ్లది ప్రత్యేక స్థానం. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో బిలాస్‌పూర్ రైలు కూడలిని ఆనుకొని ఉన్న సిర్గిట్టినే తీసుకుందాం. నేడు అది పారిశ్రామిక వాడగా ప్రసిద్ధం. కాని ఆ ప్రాంతపు బ్రతుకు రైలుతో ముడిపడినది. ఆ రైలుతో తెలుగువారి బ్రతుకూ ముడిపడింది.

ఎమిలీ బెర్లినర్ అనే శాస్త్రజ్ఞుడు గ్రామఫోనుకు అమెరికాలో హక్కుపత్రం పొందినది 1887లో. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడినదీ ఆ సంవత్సరమే. ఆ కంపెనీ పట్టాలు ఒకవైపు బిలాస్‌పూరుకు, మరొకవైపు వాల్తేరుకు చేరాయి. 1931లో విజయనగరం, రాయపూర్ల నడుమ మార్గం పూర్తి అయింది. రాయపూర్ నుంచి బిలాస్‌పూరుకు దూరం సుమారు 110 కిలోమీటర్లే. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే వేరుపడేవరకు వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు ఒకే గొడుగు క్రింద ఉండేవి. కనుక విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలనుంచి కొలువుకోసం బయలుదేరిన మనిషికి బిలాస్‌పూర్ దూరదేశమే అయినా పరాయి రైల్వే కాదు.

అతడు తెచ్చుకున్న ఇనుప ట్రంకు పెట్టెలో ఏముండేదో ఊహించడం కష్టం కాదు. భారత భాగవతాలు, పంచాంగం, ఆవకాయ జాడీ. కొంత జీతం పెరిగిన తరువాత ఒక పాటల పెట్టె, నాలుగు ప్లేట్లు. విజయనగరం అంటే మాటలా? 1919లో అక్కడ వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. వారి తరువాత 1936లో ద్వారం వెంకటస్వామినాయుడు ఆ పీఠం అధిష్ఠించారు. ఆ పట్టణపు గాలి పీల్చినవానికి చెవి ఊరికే ఉండదు. భాష వినబడని చోట బ్రతుకుతున్నవానికి మూడు నిమిషాల పాట మూడు వందల మైళ్ల ప్రయాణమంత ఊరట.

రైల్వే కాలనీలో అతని పొరుగువారు బెంగాలీలు, మరాఠీలు, ఒరియావారు, తమిళులు. వారి పెట్టెల్లో వారి పాటలు. అందువల్లనే రైల్వే ఊరి తుక్కు కొట్టులో దొరికే రికార్డుల కట్టకు ఒక విశేషముంది. అందులో కలకత్తా హిందూస్థాన్ కంపెనీ ప్లేటు క్రింద మద్రాసు సరస్వతీ స్టోర్సువారి ప్లేటు ఉండవచ్చు. దాని క్రింద మరాఠీ నాటక పద్యాలుండవచ్చు. దేశమంతా ఒక గోనెసంచిలో ఇమిడి కూర్చున్నట్లుంటుంది.

అడవి చెట్టు, అచ్చు గాడి

ఈ ప్రాంతానికీ గ్రామఫోను రికార్డుకూ మరొక బంధుత్వముంది. అది చాలామందికి తోచదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు లక్కతో చేసినది. మెత్తని రాతిపొడి, నల్లరంగు, కొంత నూలు పీచు కలిపి, వాటన్నిటినీ కరిగిన లక్కతో బంధించి, వేడి అచ్చులో నొక్కితే అది రికార్డు అవుతుంది. ఆ లక్కను ఇచ్చేది ఒక చిన్న పురుగు. అది మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలమీద కాపురముంటుంది. నేటికీ లక్క పండించే రాష్ట్రాలలో జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అగ్రస్థానంలో ఉన్నాయి. ఏటికొప్పాక బొమ్మలకు రంగునిచ్చే లక్క, పెండ్లికూతురి గాజులయ్యే లక్క, ఒకప్పుడు ప్రపంచమంతటి గాయకుల కంఠాలను మోసింది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో దీని విలువ తెలిసివచ్చింది. సముద్రమార్గాలు ప్రమాదకరమైనందున 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డుల తయారీకి లక్క వాడకాన్ని బాగా తగ్గించింది. పాత రికార్డులను తిరిగి ఇవ్వవలసిందని అక్కడి కంపెనీలు ప్రజలను కోరాయి. వాటిని పొడిచేసి కొత్తవి అచ్చు వేశారు. అలా ఒక పాట మరొక పాటకు ముడిసరుకు అయింది. భారతంలోని లక్కయింటివలె రికార్డుకు కూడా తన శత్రువు తనలోనే ఉన్నది. అది కరుగుతుంది, కాలుతుంది, చేయిజారితే ముక్కలవుతుంది.

ఏమి దొరుకుతుంది?

మన దేశంలో గ్రామఫోను కంపెనీవారు తొలిసారి పాటలు ముద్రించినది 1902 నవంబరులో, కలకత్తాలో. వాటిలో గౌహర్ జాన్ పాటలు ప్రసిద్ధికెక్కాయి. ఆనాటి గాయకులు పాట చివర తమ పేరు తామే చెప్పుకొనేవారు. ప్లేట్లు జర్మనీలోని హానోవరులో అచ్చయ్యేవి గనుక, అక్కడివారికి గాయకులెవరో తెలియడానికి ఆ ఏర్పాటు. 1908లో కలకత్తాలోనే కర్మాగారం వెలసింది. అంత పాత ప్లేటు నేడు తుక్కు కొట్టులో దొరకడం మహాభాగ్యం. ఎక్కువగా కనిపించేవి 1930 తరువాతి హెచ్.ఎం.వి., కొలంబియా, ఓడియన్, ట్విన్ ముద్రల ప్లేట్లు.

వీటిని వెదకేవారు భాష చూసి త్రోసివేయరాదు. కిరానా ఘరానాకు చెందిన అబ్దుల్ కరీం ఖాన్ 1937లో మరణించారు. ఆ హిందూస్థానీ మహాగాయకుడు త్యాగరాజస్వామివారి ఖరహరప్రియ కృతిని పాడి ఓడియన్ కంపెనీకి రికార్డు ఇచ్చారు. లేబులు చూస్తే మనది కాదనిపిస్తుంది, ముల్లు పెడితే మన తెలుగు వినిపిస్తుంది. అలాగే ద్వారంవారి వాయులీనం కొలంబియా ప్లేట్లమీద వెలువడింది. వాద్యానికి భాషతో పని లేదు కనుక అది బెంగాలీ ఇంటినుంచి రావడంలోనూ వింత లేదు.

1950ల చివరినుంచి పెద్ద ప్లేట్లు, అనగా నిమిషానికి 33 చుట్లు తిరిగే ఎల్.పి.లు మన బజారుకు వచ్చాయి. ఇవి లక్కవి కావు, వినైలు అనే ప్లాస్టిక్కువి. ఒక్కొక్క వైపు ఇరవై నిమిషాలకు పైగా నడుస్తాయి. మూడు నిమిషాలలో ఆలాపనను కుదించుకోవలసి వచ్చిన విద్వాంసుడు ఊపిరి పీల్చుకున్నది అప్పుడే. ఈమని శంకరశాస్త్రి వీణ, చిట్టిబాబు వీణ, షేక్ చినమౌలానా నాగస్వరం, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానం ఇటువంటి ప్లేట్లలో నిలిచాయి. 1980లలో క్యాసెట్టు వచ్చి వీటన్నిటినీ అటక ఎక్కించింది. తరువాత క్యాసెట్టు కూడా ఆ అటకే ఎక్కింది.

కొనేముందు, కొన్న తరువాత

చౌక అని చేతికందినదెల్లా కొనడం తెలివి కాదు. ప్లేటును వెలుతురుకు అడ్డంగా, ఏటవాలుగా పట్టి చూడాలి. నల్లగా నిగనిగలాడితే మంచిది. గాడులు బూడిద రంగుకు తిరిగితే బరువైన ఉక్కు ముళ్లు వాటిని అరగదీశాయని అర్థం. సన్నని బీట ఉన్నదేమో అంచుమీద వ్రేలితో తడిమి చూడాలి. వంగిన ఎల్.పి. ముల్లును ఎగరవేస్తుంది. లేబులు చిరిగిందని మాత్రం వదలుకోవద్దు. లేబులుకు చుట్టూ నున్నని భాగంలో అచ్చువేసిన సంఖ్యలుంటాయి. వాటినిబట్టి పాట ఏదో పోల్చుకొనే నిపుణులున్నారు.

ఇంటికి తెచ్చిన తరువాత ఒక హెచ్చరిక ముఖ్యం. లక్క ప్లేటును ఎన్నడూ స్పిరిటుతో తుడవరాదు. ఆల్కహాలులో లక్క కరుగుతుంది. మురికితోబాటు సంగీతమూ గుడ్డకు అంటుకొని పోతుంది. శుభ్రమైన నీటిలో చుక్క మెత్తని సబ్బు కలిపి, లేబులు తడవకుండా, గాడి నడిచే దిక్కుననే మెల్లగా తుడిచి నీడన ఆరబెట్టడం ఉత్తమం. ప్లేట్లను ఒకదానిమీద ఒకటి పేర్చక, పుస్తకాలవలె నిలువుగా ఉంచాలి. 78 చుట్ల ప్లేటు గాడి వెడల్పు, ఎల్.పి. గాడి సన్నం. కాబట్టి రెండింటికీ ఒకే ముల్లు పనికిరాదు. పాతకాలపు పాటల పెట్టెలోని ఉక్కు ముల్లుతో ఎల్.పి.ని వాయిస్తే అదే దానికి చివరి కచేరీ.

ఎందుకీ శ్రమ?

చేతిలోని ఫోను తాకితే వేల పాటలు పలికే ఈ కాలంలో, గోనెసంచులు వెదకడమెందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం ప్రశ్నలోనే ఉన్నది. ఫోనులో పలికే పాత పాట అక్కడికి తనంతట తాను చేరలేదు. ఎవరో ఒకరు ఒక ప్లేటును కొని, తుడిచి, వినిపించి, యంత్రానికి ఎక్కించారు గనుకనే అది పలుకుతున్నది. పాత ముద్రణలలో ఎన్నిటికో కంపెనీల వద్ద మూలపు అచ్చులు మిగలలేదు. ఇళ్లలో మిగిలిన ప్రతులే వాటికి ఆధారం.

మద్రాసులో స్థిరపడిన వి.ఎ.కె. రంగారావు వేల సంఖ్యలో రికార్డులు సేకరించిన తెలుగువారు. ఆయన శ్రద్ధ వల్ల ఎన్ని మరచిన గొంతులు మళ్లీ వినబడ్డాయో సంగీతప్రియులకు తెలుసు. 1990లో బొంబాయిలో రికార్డు సేకర్తలు ఒక సంఘంగా ఏర్పడి, తమకు తెలిసినది పత్రికగా వెలువరించారు. ఇదంతా ప్రభుత్వం ఆజ్ఞాపిస్తే జరిగినది కాదు. పాత సామాన్ల కొట్టు ముందు ఆగిన కొందరి వల్ల జరిగినది.

కంపెనీ ప్లేటుకు ఎక్కడో మరొక ప్రతి ఉండవచ్చునన్న ఆశ ఉంది. ఇంట్లో నింపుకున్న క్యాసెట్టుకు ఆ ఆశ కూడా లేదు. శ్రీరామనవమి పందిట్లో జరిగిన కచేరీ, రైల్వే ఇన్‌స్టిట్యూటులో ఆడిన పద్యనాటకం, అమ్మమ్మ పాడిన మంగళహారతి వంటివి ఎవరో ముచ్చటపడి పట్టి ఉంచితే, లోకంలో ఆ ఒక్క ప్రతే ఉంటుంది. పైన బాల్‌పెన్నుతో వ్రాసిన తెలుగు అక్షరాలు కబాడీవానికి గీతలు. ఉద్యోగ విరమణ అయ్యాక క్వార్టరు ఖాళీ చేసే తొందరలో ఇంటివారికీ అవి గీతలే అవుతాయి. తెలుగునాట ఉన్నవారికి కనీసం ఆ అక్షరాలు చదివే తుక్కు వ్యాపారి దొరకవచ్చు. సిర్గిట్టి వంటి చోట ఆ అవకాశమూ తక్కువ. ప్రవాసంలోని తెలుగు ఇల్లు ఖాళీ అయినప్పుడు, అక్కడివారు తెలుగును ఎలా పలికారో, ఏ రాగాన్ని ఏ తీరున పాడుకున్నారో తెలిపే సాక్ష్యం కూడా ఆ సంచితోనే పోతుంది.

కాబట్టి చౌకబేరం వెదకే పాఠకులు దుకాణానికి వెళ్లేముందు ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లడం మంచిది. ఎవరు విశ్రాంతి పొందుతున్నారో, ఎవరు స్వస్థలానికి సామాను కట్టుకుంటున్నారో కాలనీలో అందరికీ తెలుస్తూనే ఉంటుంది. “అటక మీద పాత ప్లేట్లు, క్యాసెట్లు ఉన్నాయా బాబాయిగారూ?” అని ఒక్క మాట అడిగితే చాలు. చాలామంది ఉచితంగానే ఇస్తారు. కొందరు ఆ మాటతో తమ సొత్తు విలువ గుర్తించి తామే దాచుకుంటారు. అప్పుడు మనకు బేరం పోయినా పాట మిగులుతుంది.

దుకాణంలోనైతే కబాడీవానితో ముందుగా చెప్పి ఉంచాలి. నల్లని పళ్లెం కనబడితే విరగగొట్టవద్దనీ, తూకం ధర కంటే రెండు రూపాయలు ఎక్కువ ఇస్తామనీ చెబితే అతడు వినకపోడు. అతడు వ్యాపారి. ఎవరైనా కోరే వస్తువును తుక్కులో కలపడు. ఆ కోరేవాడు ఒక్కడుంటే చాలు, త్రాసు మీదికి వచ్చిన పాట కొలిమికి పోకుండా ఆగుతుంది.