గండికోటకు ఏ నెలలో, ప్రొద్దుటూరుకు ఏ పండక్కి?

కడప జిల్లాకు వెళ్లాలనుకునేవాళ్లు సాధారణంగా ముందు దూరం అడుగుతారు, తర్వాత లాడ్జీలు అడుగుతారు, నెల సంగతి చివరికి గుర్తొస్తుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల విషయంలో ముందు తేల్చుకోవలసింది నెలే. మే నెల మధ్యాహ్నం గండికోట బండల మీద నిలబడ్డవాళ్లకూ, డిసెంబరు ఉదయం అదే చోట నిలబడ్డవాళ్లకూ కనబడేది ఒకే కోట. మొదటివాళ్లు పది నిమిషాల్లో నీడ వెతుక్కుంటారు. రెండోవాళ్లు కదలమంటే కదలరు.

ముందుగా దూరాల లెక్క చూద్దాం. కడప నుంచి ప్రొద్దుటూరు సుమారు 55 కిలోమీటర్లు. అక్కడి నుంచి జమ్మలమడుగు 20, జమ్మలమడుగు నుంచి గండికోట 15. అంటే కడపలో ఉదయం ఆరింటికి బయల్దేరితే, దారిలో టిఫినుకు ఆగినా తొమ్మిదిలోపు కోట గుమ్మంలో ఉంటారు. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల 60 కిలోమీటర్ల చిల్లర. పులివెందుల నుంచి వేంపల్లె, గండి చూసుకుని కడప చేరడానికి ఇంకో 90. మధ్యలో బెలుం గుహలు కూడా కలుపుకుంటే మొత్తం చుట్టు 350 కిలోమీటర్ల దాకా వస్తుంది.

సొంత కారుంటే ఖర్చెంత? లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండికి 23, 24 లీటర్లు పడుతుంది. లీటరు 110 రూపాయలు అనుకుంటే రెండు వేల ఆరు వందల దాకా. గది రోజుకు రెండు వేల లెక్కన రెండు రాత్రులకు నాలుగు వేలు. నలుగురు ఏడు పూటలు, మనిషికి పూటకు 150 చొప్పున తింటే నాలుగు వేల రెండు వందలు. అంతా కలిపితే పదకొండు వేలకు కాస్త అటూ ఇటూ. గదుల ధరలు పండగ రోజుల్లో పెరుగుతాయి కాబట్టి ఆ ఒక్క అంకెనూ మీరు అడిగి సరిచేసుకోండి.

కారు లేనివాళ్లకు కుదరదా అంటే కుదురుతుంది, ఓపిక కావాలి. ఎర్రగుంట్ల, ముద్దనూరు రెండూ గుంతకల్లు–రేణిగుంట ప్రధాన మార్గంలోని స్టేషన్లు. ముంబై–చెన్నై రైళ్లు పోయే దారి ఇదే. ఎర్రగుంట్ల నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా నంద్యాల వెళ్లే రైలు మార్గం 2016లో మొదలైంది గానీ, దాని మీద తిరిగే రైళ్లు తక్కువ. ఎర్రగుంట్లలోనో ముద్దనూరులోనో దిగి బస్సు పట్టుకోవడమే నయం. పులివెందులకు రైలు లేదు. జమ్మలమడుగు నుంచి గండికోటకు బస్సులు రోజంతా దొరకవు, ఆటో మాట్లాడుకోవలసి వస్తుంది. పోవడానికి మాత్రమే కాకుండా రానూపోనూ బేరం చేసుకోండి. చీకటి పడ్డాక కోట దగ్గర తిరుగు బండి దొరకడం కష్టం.

ఎక్కడ దిగాలన్న సందేహానికి 2011 జనాభా లెక్కలు జవాబు చెబుతాయి. ప్రొద్దుటూరు పట్టణ జనాభా 1.6 లక్షల పైన. పులివెందుల 65 వేల దాకా, జమ్మలమడుగు 46 వేల దాకా. ఊరు ఎంత పెద్దదో లాడ్జీలూ హోటళ్లూ మందుల షాపులూ దాదాపు అదే దామాషాలో ఉంటాయి. చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉంటే ప్రొద్దుటూరులో గది తీసుకోండి. గండికోట అక్కడి నుంచి 35 కిలోమీటర్లే. సూర్యోదయం చూడాలనుకునేవాళ్లకు కోట దగ్గరే పర్యాటక శాఖ వారి హరిత హోటల్ ఉంది, ముందే బుక్ చేసుకోవాలి. గుడారాలు అద్దెకిచ్చేవాళ్లూ ఉన్నారు. మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉందో అడిగాకే డబ్బు కట్టండి.

ఇక గండికోట. ఎర్రమల కొండల్ని పెన్నా కోసుకుంటూ పోయిన చోట, లోయ అంచున కట్టిన కోట ఇది. కోట కింద లోయ లోతు దాదాపు 300 అడుగులు. ఒక అంతస్తుకు పదడుగుల లెక్కన 30 అంతస్తుల మేడ ఎత్తు. ‘భారతదేశపు గ్రాండ్ కాన్యన్’ అన్న పేరు చూసి వెళ్లేవాళ్లకు ఒక మాట. అమెరికాలోని అసలు గ్రాండ్ కాన్యన్ 446 కిలోమీటర్ల పొడవు, ఒకటిన్నర కిలోమీటరు మించిన లోతు. దాని ముందు మన లోయ లోతు పదిహేనో వంతు కూడా ఉండదు. పోల్చుకుంటూ వెళ్తే చిన్నదనిపిస్తుంది. పోలిక ఇంట్లో వదిలేసి వెళ్తే, అవతలి గట్టు మీది రాతి పలకల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగినంత దగ్గరగా కనబడే ఈ లోయకు తన అందం తనకుంది.

ఆ పలకల వయసు కూడా తెలుసుకుని చూస్తే బాగుంటుంది. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుక, పైబరువుకీ వేడికీ బిగిసి గట్టిరాయి అయింది. దీన్ని క్వార్ట్‌జైట్ అంటారు. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతపు రాతి పొరలకు మన ఊళ్ల పేర్లే పెట్టారు: అడుగున వేంపల్లె పొర, దాని మీద పులివెందుల క్వార్ట్‌జైట్, ఆపైన తాడిపత్రి పొర, దాని మీద గండికోట క్వార్ట్‌జైట్. మధ్యలోని తాడిపత్రి పొరలోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిలల వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని తేలింది. పులివెందుల నుంచి గండికోటకు వచ్చేవాళ్లు 60, 70 కిలోమీటర్ల రోడ్డుతో పాటు కోట్ల ఏళ్ల కాలాన్ని కూడా దాటి వస్తున్నారన్నమాట. ఎర్రగుంట్ల చుట్టుపక్కల దారి పొడుగునా పేర్చి కనబడే నల్లబండలు మాత్రం వేరే రకం, సున్నపురాయి. మీ వంటింటి అరుగు మీద ఉన్న కడప బండ ఇదే.

లోయలో నీళ్లుంటాయా అన్నది అందరికీ వచ్చే సందేహం. వానలు పడ్డాక వెళ్తే ఉంటాయి కదా అనుకుంటారు. కడప జిల్లాలో ఏడాది మొత్తానికీ కురిసేది సగటున 700 మిల్లీమీటర్ల దరిదాపు. ఆ వానను నమ్ముకుంటే లోయ చాలా నెలలు ఎండిపోయే ఉండేది. ఇప్పుడు ఇక్కడ కనబడే నీళ్లలో ఎక్కువ భాగం కృష్ణమ్మవి. శ్రీశైలం నిండాక పోతిరెడ్డిపాడు దగ్గర మళ్లించిన నీళ్లు గాలేరు–నగరి కాలువలో అవుకు మీదుగా గండికోట జలాశయానికి చేరతాయి. కోటకు ఎగువన ఆ జలాశయం, దిగువన మైలవరం జలాశయం, మధ్యలో లోయ. కాబట్టి చూసుకోవలసింది మన ఊరి వాన కబురు కాదు. శ్రీశైలం గేట్లెత్తారన్న వార్త పేపర్లో వచ్చిందా, గండికోట నుంచి కిందికి నీళ్లు వదిలారా అన్నది. మామూలుగా ఆగస్టు నుంచి ఆ కబుర్లు మొదలవుతాయి. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి లోయ నిండుగా ఉండే అవకాశం ఎక్కువ.

గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, లీటర్లలో 2,830 కోట్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురున్న ఇంటికి ఏడాదికి దాదాపు రెండు లక్షల లీటర్లు కావాలి. ప్రొద్దుటూరులో అలాంటి ఇళ్లు 40 వేలు అనుకుంటే, ఒక్క టీఎంసీ ఆ ఊరికి మూడున్నరేళ్లు సరిపోతుంది. ఆవిరయ్యేదీ పొలాలకు పోయేదీ పక్కన పెడితే, నిండిన జలాశయం తొంభై ఏళ్లు దాటి వస్తుంది. ఆ నీళ్లనే ఎత్తిపోసి పార్నపల్లె దగ్గరి చిత్రావతి జలాశయానికీ, పైడిపాళేనికీ పంపుతారు. పులివెందుల చుట్టూ మీకు కనబడే అరటి తోటలూ చీనీ తోటలూ దీని మీద ఆధారపడ్డవే. ఈ జలాశయం కింద మునిగిపోయిన ఊళ్లున్నాయి. ఇల్లూ పొలమూ వదిలి లేచిపోయిన కుటుంబాలున్నాయి. ఒడ్డున నిలబడి ఫొటో తీసుకునేటప్పుడు ఆ సంగతి తెలిసి ఉండాలని నా కోరిక.

కోట లోపల ఏం చూడాలి? మాధవరాయ స్వామి ఆలయం, రఘునాథ స్వామి ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం. పెమ్మసాని నాయకుల పాలన తర్వాత ఈ కోట గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి చిక్కింది. ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే 1652లో అతన్ని కలవడానికి ఇక్కడికి వచ్చాడు. ఇవన్నీ నెమ్మదిగా చూడటానికి మూడు గంటలు పెట్టుకోండి, లోయ అంచుకు ఇంకో గంట. చాలా చోట్ల అంచున కమ్మీలు లేవు. బండలు నున్నగా ఉంటాయి, తడిస్తే జారతాయి. పిల్లల చేయి వదలొద్దు, అంచున వెనక్కి నడుస్తూ సెల్ఫీలు తీయొద్దు.

ఎన్ని గంటలకు లేవాలన్నదీ నెలను బట్టే. డిసెంబరు ఆఖర్లో ఇక్కడ సూర్యోదయం 6.40 ప్రాంతంలో, అస్తమయం ఆరుకు ఐదు నిమిషాలు అటూ ఇటూ. మేలో 5.45కే పొద్దు పొడుస్తుంది, 6.40 దాకా వెలుగుంటుంది. వేసవిలో పగలు గంటన్నరకు పైగా ఎక్కువే కానీ అందులో పదింటి నుంచి ఐదింటి దాకా పనికిరాదు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులు చాలా ఉంటాయి, ఎర్రరాయి ఆ వేడిని పట్టుకుని మళ్లీ మన మీదికి వదులుతుంది. బడి సెలవులకు తప్ప వేరే వీలు లేదంటే ఉదయం ఎనిమిదిన్నరలోపు కోట చూసుకుని వెనక్కి వచ్చేయండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు ఉంచుకోండి. గండికోట ఉత్సవాలు జరిపిన ఏడు జనవరిలో జరుపుతుంటారు గానీ ప్రతి ఏడూ ఉంటాయన్న నమ్మకం లేదు. ప్రకటన చూసుకుని బయల్దేరండి.

ఎండైనా వానైనా చూడగలిగిన చోటు బెలుం. గండికోట నుంచి సుమారు 60 కిలోమీటర్లు, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. గుహల పొడవు 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు, 1980లలో జర్మన్ గుహాన్వేషకులు లోపలి దారులు కొలిచారు, 2002లో జనానికి తెరిచారు. మనల్ని వెళ్లనిచ్చేది సుమారు కిలోమీటరున్నర. పాతాళగంగ దగ్గర నేల కింద 46 మీటర్ల లోతు ఉంటుంది. లోపల ఉక్కపోత ఎక్కువ. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు పైనే ఆగడం మంచిది.

ప్రొద్దుటూరును గండికోటకు దారిలో వచ్చే ఊరుగా చూసి వెళ్లిపోతుంటారు. దసరాకు వస్తే ఈ అభిప్రాయం మారిపోతుంది. బంగారం, బట్టల వ్యాపారానికి పేరున్న ఈ పట్టణంలో వాసవీ కన్యకా పరమేశ్వరి అమ్మవారిశాల కేంద్రంగా జరిగే ఉత్సవాలకు ‘రెండో మైసూరు’ అన్న పేరుంది. రోజుకో అలంకారం, వీధి నిండా దీపాలు, విజయదశమి రాత్రి తొట్టి మెరవణి అనే ఊరేగింపు. ఒక్క రోజే వీలైతే ఆ రాత్రే ఉండండి. మెరవణి చూడాలంటే నిద్ర మానుకోవాలి కాబట్టి మర్నాడు ప్రయాణం పెట్టుకోకండి. జనంలో నడవలేని పెద్దవాళ్లుంటే రెండు మూడు రోజుల ముందే వచ్చి సాయంత్రం అలంకారం చూసుకుని వెళ్లండి.

దసరా తేదీ ఏటా ఎందుకు మారుతుంది? మన పండగలు చంద్రుణ్ణి పట్టి నడుస్తాయి. పన్నెండు చాంద్రమాసాలకు 354 రోజులే. మామూలు క్యాలెండరు కంటే 11 తక్కువ. అందుకే పండగ ఏటా పదీ పదకొండు రోజులు ముందుకొస్తుంది, రెండు మూడేళ్లకొకసారి అధికమాసం వచ్చి వెనక్కి నెడుతుంది. విజయదశమి 2024లో అక్టోబరు 12న, 2025లో 2న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉండటంతో 20కి జరిగింది. ఏ తేదీన వచ్చినా వానలు పడి లోయలో నీళ్లుండే కాలంలోనే వస్తుంది. ప్రొద్దుటూరు, గండికోట ఒకే ప్రయాణంలో చూడాలంటే దీన్ని మించిన వారం లేదు. వాన మాత్రం తడపొచ్చు, గొడుగు పెట్టుకోండి.

పులివెందుల వైపు వెళ్లాలా వద్దా? భక్తి ఉంటే శ్రావణ మాసంలో వెళ్లండి. పాపాఘ్ని నది కొండల్ని చీల్చుకుని వచ్చే గండి దగ్గర వీరాంజనేయ స్వామి ఉన్నాడు. బాణం మొనతో రాముడే గీసిన రూపమని భక్తుల నమ్మకం. శ్రావణ శనివారాల్లో జనం బాగా వస్తారు, రద్దీ వద్దనుకుంటే వారం మధ్యలో వెళ్లడం మేలు. నీళ్లు నిండిన ఏడు పార్నపల్లె జలాశయం సాయంత్రాలు చూడముచ్చటగా ఉంటుంది.

తిండికి కొరత లేదు. పొద్దున ఎర్రకారం దోసె, లేదంటే బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ. మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు. శాకాహారులకు సంగటిలోకి చెనిక్కాయల ఊరిబిండి ఉంటుంది. కారం అలవాటు లేని పిల్లలుంటే ముందే చెప్పి చేయించుకోండి.

చేతిలో రెండే రోజులున్నవాళ్లు పులివెందుల, బెలుం రెండింటిలో ఒకటి వదులుకోవాలి. నన్నడిగితే ఒక రోజు గండికోట, ఒక రోజు ప్రొద్దుటూరు చాలు. అన్నీ చూడాలంటే మూడు రోజులు, డిసెంబరు, జనవరి నెలలు. దసరాకే వస్తామంటే వినాయక చవితి నాటికే ప్రొద్దుటూరులో గది మాట్లాడి ఉంచుకోండి.