మడ అడవిలో కొలతలు

విజ్ఞాన యాత్ర పేరుతో బడిపిల్లల్ని బస్సెక్కించి, ఒక చోట దింపి, గైడు చెప్పింది వినిపించి, ఫొటోలు తీసి తీసుకొచ్చేయడం మనకు అలవాటైంది. అది విహారం, అంతే. పిల్లలు తమ చేత్తో ఏదో ఒకటి కొలిచినప్పుడే అది విజ్ఞాన యాత్ర అవుతుంది. కాకినాడ దగ్గరి కోరింగనే చూడండి. 1978లో అభయారణ్యమైన ఈ మడ అడవి గోదావరి సముద్రంలో కలిసే చోట దాదాపు 235 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. చెక్క వంతెన మీద నడిచేవాళ్లకు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్లు కనిపిస్తాయి. అవి శ్వాసవేళ్లని గైడు చెబితే పిల్లలు తలూపుతారు, సాయంత్రానికి మరిచిపోతారు. అదే వంతెన అంచు నుంచి మీటరు పొడవు, మీటరు వెడల్పున్న తాడు చట్రాన్ని దించి అందులో వేళ్లెన్నో లెక్కపెట్టమనండి. కాలువ పక్కన ఒక లెక్క, లోపల ఇంకో లెక్క వస్తే, తేడా ఎందుకని వాళ్లే అడుగుతారు. కర్రతో బురద కదిపితే కుళ్లిన గుడ్ల కంపు వస్తుంది. ఆక్సిజన్ లేని ఆ మట్టిలో వేరుకు ఊపిరాడదు కాబట్టే పైకి వచ్చి, సన్నని రంధ్రాలతో గాలి పీల్చుకుంటుంది. అడిగినవాళ్లకు ఆ జవాబు గుర్తుంటుంది.

పిల్లల లెక్కలు నమ్మదగ్గవా అని కొందరు సందేహిస్తారు. సందేహం సబబే. అందుకే ఒకే చట్రాన్ని ముగ్గురి చేత విడివిడిగా లెక్కపెట్టించాలి. కొలతలో పొరపాటు ఎంతుంటుందో ఆ ముగ్గురి అంకెలే చూపిస్తాయి. ఏ ప్రయోగశాలైనా చేసేది ఇదే. 2010లో మొదలైన సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో వేలాది మంది బడిపిల్లలు చెట్ల చిగుళ్లు, పూలు, కాయలు గమనించి నమోదు చేస్తున్నారు. ఒక్కో నమోదు చిన్నదే. కానీ ఏళ్ల తరబడి పోగైతే రుతువుల మార్పును పరిశీలించే ఆధారమవుతుంది.

సిలబస్‌కు సమయం చాలదన్నది రెండో అభ్యంతరం. 6 నుంచి 8 తరగతుల్లో పది రోజులు పుస్తకాల సంచి లేకుండా గడపాలని 2020 జాతీయ విద్యావిధానమే సూచించింది. భద్రత మాత్రం తేలిగ్గా తీసుకునేది కాదు: పోటు వేళలు ముందే తెలుసుకోవాలి, అటవీశాఖ అనుమతి ఉండాలి, పడవెక్కితే లైఫ్ జాకెట్ తప్పనిసరి. వేళ్లు తొక్కే ప్రమాదం ఉంది కాబట్టి ఎవరూ బురదలోకి దిగకూడదు. ఖర్చు భరించలేని బడికి ఊరి చెరువుంది. మేలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి నీటిమట్టం, నీటి రంగు, గట్టున దిగిన పక్షులు రాసుకుంటే చాలు, పోల్చడానికి రెండు పట్టికలుంటాయి.