అకాడమీ పీఠమున మన స్త్రీలు

రాజ్యమేలిన స్త్రీలను గూర్చి మన సోదరీమణులు పురాణములయందును చరిత్రములయందును చదివియే యున్నారు. కళలను పోషించు కచేరీని నడపిన స్త్రీలను గూర్చి వ్రాసినవారు మాత్రము తక్కువ. అట్టివారిని గూర్చి కొంత ముచ్చటింపదలచితిమి.

మన పాలమూరు సీమలో గద్వాలకు 'విద్వద్గద్వాల' యను పేరు కలదు. 1924లో రాజా సీతారామభూపాలుడు గతింపగా మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారు సంస్థానభారమును వహించి, అది లీనమగు వఱకు పాలించిరి. పండితులు గద్వాలకు వచ్చి, సభలో తమ విద్యను చూపి, సత్కారములను గొని పోవుట నాటి మర్యాద. ఎవరికెంత యీయవలెనో, ఎప్పుడీయవలెనో తెలిసి యుండుట రాణికి కిరీటమంత ముఖ్యము.

సంస్థానములు పోయినవి. పోషణభారము ప్రభుత్వముపై బడెను. 1957లో ఆంధ్రప్రదేశ సంగీత నాటక అకాడమీ యేర్పడెను. ఆ పిమ్మట అకాడమీలను రద్దుచేసి, 1985లో వెలసిన తెలుగు విశ్వవిద్యాలయమున వానిని కలిపివేసిరి. 2014లో తెలంగాణ రాష్ట్రము వచ్చిన తరువాత హైదరాబాదున మరల నొక అకాడమీ నెలకొన్నది. దాని అధ్యక్షపీఠమునకు 2022లో శ్రీమతి దీపికారెడ్డిగారును, 2024లో డాక్టరు అలేఖ్య పుంజాలగారును నియమింపబడిరి. ఇరువురును కూచిపూడి నర్తకీమణులే.

ఇందలి విశేషము తెలియవలెనన్న కూచిపూడి పూర్వకథ తెలియవలెను. భాగవతుల మేళములలో సత్యభామ వేషమును పురుషులే ధరించెడివారు. స్త్రీ వినోదింపవచ్చును గాని రంగస్థలము నెక్కరాదు. గడచిన శతాబ్దమున వెంపటి చినసత్యముగారు మొదలగు గురువులు ఆడుపిల్లలకు విరివిగా నేర్పిన పిదప ఈ కట్టు సడలెను. దీపికారెడ్డిగారు వెంపటివారి శిష్యురాలు. 2017వ సంవత్సరపు కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారమును పొందినవారు. తన జడను తానే వేసికొని సత్యభామగా నిలుచుటకు నోచుకొనని స్త్రీ, కొలది తరములలోనే ఆ విద్యలన్నిటికిని పెద్దగా కూర్చుండెను.

అలేఖ్యగారు నడచిన త్రోవ మఱియొకటి. వారు తెలుగు విశ్వవిద్యాలయమున నాట్యమును బోధించి, అచ్చటనే రిజిస్ట్రారు పదవిని నిర్వహించిరి. (ఆ విద్యాలయమునకిప్పుడు మన పాలమూరి సురవరము ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టినారు, మాకెంతయు సంతోషము.) రిజిస్ట్రారు పని యనగా దస్త్రములు, జీతములు, నియామకములు. గజ్జెకట్టిన కాళ్ళకు ఈ గొడవ యేల యని కొందఱందురు. మేమట్లనము. కళాకారుని కడుపు నిండునది ఆ దస్త్రములలోనే.

నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంట గ్రామపు దర్శనము మొగులయ్యగారి సంగతి చూడుడు. పన్నెండు మెట్ల కిన్నెరను వాయించు ఆయనకు 2022లో పద్మశ్రీ బిరుదము వచ్చెను. 2024లో ఆయన హైదరాబాదు చెంత కూలిపని చేయుచున్నట్లు పత్రికలలో బడెను. నెలకు 10,000 రూపాయల చొప్పున వచ్చుచుండిన గౌరవవేతనము ఆగినదని ఆయనయే చెప్పుకొనిరి. బిరుదమునిచ్చుట ఒక్కనాటి పని. వేతనమును పంపుట ప్రతినెల పని. బడిపంతులుగారి యింట జీతము పదిదినములాలస్యమైన బియ్యపు కుండ యేమనునో మాకు బాగుగా తెలియును.

వేతనములన్నియు అకాడమీయే యిచ్చునని మేమనుట లేదు. భాషా సాంస్కృతిక శాఖ వేఱుగా నున్నది. అయినను కళాకారుని పక్షమున ఆ శాఖవారిని పట్టి యడుగవలసినది పీఠమందున్నవారే గదా!

మాకొక శంకయు లేకపోలేదు. శాస్త్రీయ నాట్యమున పెరిగినవారి చెవికి మా నల్లగొండ పల్లెలలోని ఒగ్గుడోలు వినబడునా? నారాయణపేట జిల్లా దామరగిద్దయందు బుర్రవీణను వాయించు దాసరి కొండప్పగారికి 2024లో పద్మశ్రీ లభించినది. అట్టి వాద్యములను నేర్చుకొను పిల్లలు ఏ యింటనున్నారు? ఆడువారు ఇంటిపద్దులు వ్రాసినట్లు, ఊరూరను ఏ విద్య యున్నది, విద్వాంసుని వయసెంత, శిష్యులెందఱు, వేతనము ఏ నెల వఱకు ముట్టినది అని యొక పట్టికను అకాడమీవారు వ్రాయింపవలెనని మా మనవి. అది సిద్ధమైననాడు మొగులయ్యగారి పేరెదుట ఏ నెల వ్రాసి యున్నదో మేమును చూడగోరుచున్నాము.