లిమోంచెల్లోలో నిమ్మరసం ఉండదు

ఇటలీలో నేపుల్స్‌కు దక్షిణాన ఉన్న సొరెంటో, అమాల్ఫీ తీరంలోనూ కాప్రి దీవిలోనూ భోజనం ముగిశాక చిన్న గ్లాసులో చల్లగా, పసుపుపచ్చగా ఉండే లిమోంచెల్లో ఇస్తారు. నిమ్మ పరిమళమున్న తీపి మద్యం ఇది. అక్కడ ఇళ్లలోనూ చేసుకుంటారు. పైకి తేలికపనిలా కనిపిస్తుంది కాబట్టే దీని చుట్టూ అపోహలు పెరిగాయి.

అపోహ: నిమ్మరసం పిండి మద్యంలో కలిపితే చాలు.

వాస్తవం: రసం ఒక్క చుక్క కూడా అక్కర్లేదు. పరిమళమంతా తొక్కలోనే ఉంది. పైనున్న పసుపు పొరలో సన్నని తిత్తులుంటాయి. తొక్కను మడిచి నొక్కితే కళ్లలోకి చిమ్మేది వాటిలోని నూనే. ఆ నూనె నీళ్లలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. అందుకే ఇటలీలో తాగడానికి తగిన 95, 96 శాతం శుద్ధ ఆల్కహాల్ వాడతారు. అది అక్కడ సూపర్‌మార్కెట్లలోనే దొరుకుతుంది. లీటరుకు సుమారు పది కాయల తొక్క వేస్తారు. మైనం పూయని కాయలు తీసుకుని, పీలర్‌తో పసుపు పొరను మాత్రమే పల్చగా తీయాలి. కింద దూదిలా ఉండే తెల్ల పొర చేదు. అది కలిసిందంటే ఎంత పంచదార పోసినా పోదు. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో నైపుణ్యం కావాల్సిన చోటు ఇదొక్కటే.

అపోహ: నెలల తరబడి నానితేనే రుచి.

వాస్తవం: అంత గాఢమైన ఆల్కహాల్‌లో నూనె చాలావరకు మొదటి కొద్ది రోజుల్లోనే దిగిపోతుంది. తొక్కలు పాలిపోయి పెళుసుబారితే వడకట్టవచ్చు. 40 శాతం వోడ్కాతో చేస్తే మరికొంత సమయం పడుతుంది.

అపోహ: వడకట్టాక పంచదార పాకం పోయగానే మబ్బు పట్టినట్టయితే పాడైపోయినట్టే.

వాస్తవం: పాకంలోని నీళ్లు చేరేసరికి నూనె కరిగి ఉండలేక కంటికి కనిపించని బిందువులుగా విడిపోతుంది. ఆ మసక దానిదే. నూనె బాగా దిగిందనడానికి అది గుర్తు.

అపోహ: ఏ నిమ్మకాయైనా ఒకటే.

వాస్తవం: అమాల్ఫీలో పండే ‘స్ఫుసాతో’ రకం నిమ్మ పొడుగ్గా, మందమైన తొక్కతో ఉంటుంది. మన గూడూరు, తెనాలి మార్కెట్లకు వచ్చే గుండ్రటి, పల్చని తోలు నిమ్మ వేరే జాతి. దాని తొక్క నానబెడితే వచ్చే పరిమళం వేరు.

అపోహ: తియ్యగా ఉంటుంది కనుక ఘాటు తక్కువ, పైగా అరుగుదలకు మంచిది.

వాస్తవం: లెక్క చూడండి. లీటరు 96 శాతం ఆల్కహాల్‌కు లీటరున్నర నీళ్లు, కిలో పంచదార కలిపితే మూడు లీటర్ల పైచిలుకు వస్తుంది. అందులో ఆల్కహాల్ సుమారు 31 శాతం. మామూలు బీరులో ఉండేది 5 శాతమే. తీపి, చల్లదనం ఆ ఘాటును నాలుకకు తెలియనివ్వవు. ఇక అరుగుదల విషయానికొస్తే, ఇంత గాఢమైన మద్యం కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది. ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

అపోహ: స్పిరిట్ ఏదైనా స్పిరిటే.

వాస్తవం: ప్రాణాలు తీసే అపోహ ఇది. తొక్కలు నానబెట్టినంత మాత్రాన ప్రమాదకరమైన స్థాయిలో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ పుట్టదు. అది వచ్చేది మనం పోసే స్పిరిట్ నుంచే. మిథనాల్ చూపును పోగొడుతుంది, చంపుతుంది. నిమ్మ తొక్క, పంచదార, వడపోత ఏవీ దాన్ని తీసేయలేవు. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం బదులు శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. తెలుగు రాష్ట్రాల్లో అనుమతి లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం కూడా. చట్టం ఒప్పుకునే దేశాల్లో ఉన్నవారు సైతం తాగడానికి తగినదని సీసా మీద రాసి ఉన్న ఆల్కహాల్ తప్ప మరేదీ వాడకండి. ల్యాబ్ స్పిరిట్, సర్జికల్ స్పిరిట్, పెయింట్ల షాపులో అమ్మే స్పిరిట్ మీ వంటింటి గడప దాటి లోపలికి రానివ్వకండి.